మెడలో రూపాయలు, ముడుపులో పావలాలు: దేవరకొండ నుంచి నారాయణపేట దాకా

15 ఫిబ్రవరి 2025, శనివారం. దేవరకొండ పక్కన ఒక తండా

మెడలో, మొక్కులో వాడే అసలు నాణేలను, వాటి నకళ్ళను చూడ్డానికి ఈ ఆరు రోజుల ప్రయాణం. లంబాడీల గురువు సేవాలాల్ జయంతి నాడు తండాకు పోతే రెండు మేళ్ళు. పెట్టెల్లో ఉన్న పాత నగలు మెడకెక్కుతాయి, అడిగినవాళ్ళకు చూపించే తీరిక కూడా ఆ రోజే దొరుకుతుంది. పొద్దెక్కాక గుడి ముందు నిప్పు రాజేసి భోగ్ మొదలుపెట్టారు. నెయ్యి, బెల్లం కలిపిన ముద్దను నిప్పులో వేస్తుంటే ఆ వాసన తండా అంతా పాకింది. చీరలు కట్టిన కోడళ్ళ నడుమ ఫేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రీ (ఓణీ) వేసుకున్న ముసలమ్మలు నలుగురే కనిపించారు. నాణేల బిళ్ళలు గుచ్చిన పేర్లు, అంటే దండలు, ఉన్నది ఆ నలుగురి మెడల్లోనే.

నగ అడిగే ముందు ఒక మర్యాద తెలిసి ఉండాలి. చెంపల పక్కన వెంట్రుకలకు వేలాడే ఘుగ్రీ, టోప్లీ పెళ్ళితో వచ్చేవి, భర్త పోతే తీసేసేవి. వాటిని తీసి చూపించమని అడగకూడదు, ముట్టుకోకూడదు. మెడలోని రూపాయల పేరు సంగతి వేరు. యాడీ (అమ్మా) అని పిలిచి, కింద కూర్చుని, చేతులు చాపకుండా అడిగితే తామే తీసి ఒళ్ళో పెడతారు. ఫొటో మాట ఆ తర్వాతే ఎత్తాలి.

ఒక అవ్వ ఇచ్చిన పేరులో బిళ్ళలు 13. దూరం నుంచి అన్నీ ఒకే తీరు తెల్లగా మెరుస్తాయి. జేబు కాటా మీద ఒక్కొక్కటి పెట్టి చూస్తే నాలుగు రకాలు తేలాయి. 1918 నాటి అయిదో జార్జి రూపాయి ఒకటి, 1945 నాటి ఆరో జార్జి రూపాయి ఒకటి, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి, అంటే హాలీ సిక్కా ఒకటి, వెనక పులి ఉన్న 1947 రూపాయి ఒకటి. మిగతా 9 బిళ్ళలు ఏ టంకసాలలోనూ పుట్టినవి కావు.

లెక్క తెలిస్తే వీటిని వేరు చేయడం కష్టం కాదు. బ్రిటిష్ రూపాయి కొత్తలో 11.66 గ్రాములు తూగుతుంది. పాత తులం అంటే సరిగ్గా ఆ బరువే. ఇప్పుడు దుకాణాల్లో 10 గ్రాములనే తులం అంటున్నారు గానీ, ఆ మాటకు 11.66 గ్రాముల బరువు స్థిరపడింది రూపాయి బిళ్ళ వల్లే. హాలీ సిక్కా కొంచెం తేలిక, 11.18 గ్రాములు. 1918 రూపాయి అరిగినా, దారానికి గుచ్చడానికి వేసిన రింగు, దాన్ని అతికిన టాకా కలుపుకుని కాటా మీద 11.9 చూపించింది. 1945 బిళ్ళ బరువులో తేడా లేదు, కానీ అందులో వెండి సగమే. యుద్ధం రోజుల్లో 100 పాళ్ళలో 91.7 పాళ్ళ నుంచి 50కి తగ్గించారు. అందుకే అది చెమటకు త్వరగా నల్లబడుతుంది. పులి రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంటుంది. అంటుకున్న ప్రతి బిళ్ళనూ నకిలీ అనేసేవాళ్ళు పొరపడేది ఇక్కడే. 1947 రూపాయలు అంటుకున్నా అసలువే.

ఆ 9 బిళ్ళలు మాత్రం 7 నుంచి 8 గ్రాముల మధ్యే తూగాయి. జర్మన్ సిల్వర్ అంటారు గానీ అందులో వెండి లేదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. ఒక పక్క విక్టోరియా రాణి బొమ్మ ఉంది, రెండో పక్క చదును. రింగు అతికింది కాదు, బిళ్ళతోపాటే పోతలో వచ్చింది. ఇది గట్టి గుర్తు. అసలు రూపాయికి రింగు ఎప్పుడూ తర్వాతే అతుకుతుంది, కాబట్టి టాకా మరక ఉండి తీరాలి. రెండో గుర్తు గాటు. రాణి ముక్కు పక్కన ఉన్న చిన్న గాటు ఆరు బిళ్ళల మీద ఒకే చోట ఉంది. ఒక అసలు రూపాయిని ఇసుకలో అద్ది, ఆ అచ్చులో పోసిన పోతలు కావడం వల్ల ఆ రూపాయి మీది దెబ్బ అన్నిటికీ వారసత్వంగా వచ్చింది. మూడోది కొలత. పోసిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. 30.5 మిల్లీమీటర్ల రూపాయిని అద్ది పోస్తే వచ్చేది 30 దగ్గర ఆగుతుంది. అంచు మీది సన్నని పళ్ళు కూడా మొద్దుబారతాయి.

అవ్వకు ఇవన్నీ తెలుసు. దాచిందేమీ లేదు.

“కరువచ్చినప్పుడల్లా రెండో మూడో తెగినయి బిడ్డా. సావుకారి దగ్గరికి పోయినయి మల్ల రాలే. తెగినకాడ ఇవి గట్టిన. పేరు బోసిగ ఉండొద్దు గద.”

ఈ తొమ్మిదింటినీ దొంగ రూపాయలు అనడానికి నోరు రాదు. దొంగ రూపాయి చెల్లుబాటు కోసం పుడుతుంది. ఇవి పోయినవాటి జాగా నిలపడానికి వచ్చాయి. నాణేలు సేకరించేవాళ్ళు ఇలాంటి పేరు దొరికితే నాలుగు అసలువి తెంపుకుని మిగతావి పారేస్తారు. అది తప్పు. ఏ కరువులో ఎన్ని తెగాయో చెప్పే లెక్క ఆ తొమ్మిదింటిలోనే ఉంది.

మధ్యాహ్నం జొన్న రొట్టె, మేక కూర పెట్టారు. రొట్టె అరచేతి మందాన ఉంది, కూరలో కారం కళ్ళలోకి వచ్చేంత. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. గుడి పళ్ళెంలో వేయమన్నారు.

16, 17 ఫిబ్రవరి. దురాజ్‌పల్లి, పెద్దగట్టు

రెండేళ్ళకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతర ఆదివారం రాత్రి మొదలైంది. కేసారం నుంచి దేవరపెట్టె గట్టెక్కుతుంటే భేరీల చప్పుడు కడుపులో మోగింది. గజ్జెల లాగులు తొడిగిన యాదవులు “ఓ లింగా, ఓ లింగా” అంటూ ఎగురుతుంటే ఆ గజ్జెలన్నీ ఒకే గజ్జెలా వినిపిస్తాయి. హైవే మీద బండ్లను మళ్ళిస్తున్నారు. సూర్యాపేట వైపు నుంచి రావాల్సిన చోట ఒక మలుపు ముందే తిరిగి, చెరువు కట్ట వెంబడి మూడు కిలోమీటర్లు పోయి, ఒక గొర్లకాపరి చెప్తే వెనక్కి రావాల్సి వచ్చింది. బండి ఆపడానికి 50 రూపాయలు, గట్టు కింద దాకా ఆటోకు మనిషికి 20.

చూడాల్సినవి గట్టు కింది దుకాణాల్లో ఉన్నాయి. పసుపు, కుంకుమ, గవ్వల పక్కన రేకు కళ్ళు, రేకు మీసాలు, అరచేయంత పాదాలు, చిన్న తొట్టెలు. వాటి మధ్యలో దారానికి గుచ్చిన బిళ్ళల దండలు. బిళ్ళ మీద ఒక పక్క లక్ష్మి, రెండో పక్క ఉల్టాగా పడ్డ అదే లక్ష్మి. పలుచని రేకు మీద ఒకవైపు నుంచి కొడితే వెనక గుంట పడుతుంది, అంతే. 11 బిళ్ళల దండ 40 రూపాయలు చెప్పి 30కి ఇచ్చారు. చౌడమ్మ అమ్మవారికి వేస్తారని అమ్మే ఆమె చెప్పింది. కళ్ళ జత రేకుదైతే 10, ఇత్తడిదైతే 60. వెండిది కావాలంటే సూర్యాపేటలో అవుసలాయన (కంసాలి) దగ్గర తూకం మీద.

రేకు గురించి ఒక జాగ్రత్త. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ భాగం తగరం పూత పూసిన ఇనుప రేకులే. కత్తిరించిన అంచు దగ్గర పూత ఉండదు, ఇనుము బయటపడుతుంది. పసుపు నీళ్ళు, కొబ్బరి నీళ్ళు తగిలితే రెండు రోజుల్లో తుప్పు పట్టి అమ్మవారి ముఖం మీద ఎర్రటి చారలు దిగుతాయి. ఇంట్లో దేవతకు పెట్టేటట్టయితే ఇత్తడి గానీ వెండి గానీ తీసుకోవాలి. అయస్కాంతం ఉంటే తేల్చుకోవడం క్షణం పని.

ఇక ముడుపు. పసుపు గుడ్డలో రూపాయి పావలా కట్టి మొక్కుకోవడం ఇక్కడ పాత పద్ధతి. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయింది. మొక్కులో మాత్రం పావలా పోలేదు. ఒక ముసలాయన తాడు మీద పాత పావలాలు గుచ్చి పెట్టుకున్నాడు, ఒక్కొక్కటి 5 రూపాయలు.

“కొట్ల చెల్లదు. దేవుని కాడ చెల్లుతది,” అన్నాడు, చిల్లర లెక్కపెడుతూనే.

టంకసాల నుంచి వచ్చిన అసలు బిళ్ళే ఇప్పుడు రేకు లక్ష్మి పక్కన కూర్చుంది. రెంటితోనూ అంగట్లో ఏమీ కొనలేం, రెండూ మొక్కుకే పనికొస్తాయి. పక్కనే చిల్లు కాణీలు కూడా దొరికాయి. 1943 నుంచి 1947 దాకా కొట్టిన, నడుమ రంధ్రం ఉన్న కంచు పైసా. బాలింతల ఇళ్ళలో పిల్లల మొలతాడుకు కడతారు. రంధ్రం టంకసాలే వేసి ఇవ్వడం వల్ల దారం ఎక్కించడం తేలిక. దానికి నకళ్ళు ఇప్పుడు ఇత్తడిలో వస్తున్నాయి. అసలుది 2 గ్రాములకు కొంచెం తక్కువ, నకలు 3 గ్రాములు దాటుతుంది. పిల్లల మొలకు కట్టేటప్పుడు నకలు అంచును ఆకురాయితో నున్నగా చేయించాలి. పోత అంచులు చర్మాన్ని గీస్తాయి.

ఇప్పుడు నడుస్తున్న రూపాయికి, రెండు రూపాయలకు రంధ్రం వేసి దండలు గుచ్చేవాళ్ళు కూడా కనిపించారు. 2011 నాణేల చట్టం ప్రకారం చెల్లుబాటులో ఉన్న బిళ్ళను పాడుచేయడం నేరం. దేవుడి కోసమే అయినా రేకు బిళ్ళ తీసుకోవడం మంచిది.

సోమవారం మధ్యాహ్నం గట్టు వెనక డేరాల దగ్గర నడుస్తుంటే ముగ్గురు పిలిచి కూర్చోబెట్టారు. ఆకులో అన్నం, బోటి కూర, పచ్చి పులుసు. ఎవరని అడగలేదు, ఏ ఊరని అడిగారు. ఆ మాట చాలింది వాళ్ళకు.

18 ఫిబ్రవరి, మంగళవారం. ఫణిగిరి, పానగల్లు

పొద్దున ఫణిగిరి గుట్ట. 2024 మార్చిలో ఇక్కడి బౌద్ధ ఆరామం తవ్వకంలో ఒక చిన్న మట్టి కుండ దొరికింది, అందులో 3,730 సీసపు నాణేలు. ఒక పక్క ఏనుగు, రెండో పక్క ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని తవ్వినవాళ్ళు తేల్చారు. గుట్ట మీద ఇప్పుడు నాణెం ఒక్కటీ లేదు, ఇటుక పునాదులు, సగం నిలిచిన స్తంభాలు, గాలి. ఊర్లో చాయ్ 10 రూపాయలు. కుండ సంగతి హోటల్లో అందరికీ తెలుసు, సంఖ్యతో సహా చెప్తారు.

మధ్యాహ్నానికి పానగల్లు. పచ్చల సోమేశ్వరాలయం చల్లగా ఉంది. గోడ మీద చెక్కిన దేవతల మెడలను దగ్గరగా చూస్తే గుండ్రని బిళ్ళలు వరసగా గుచ్చిన హారాలు కొన్ని చోట్ల కనిపిస్తాయి. ఏ రాజు నాణెమూ కాదు, ఆకారం మాత్రం నాణెందే.

ఈ జిల్లాకు ఆ ఆకారం చాలా పాతది. నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు 1,531 ఒకేచోట దొరికాయి, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. సముద్రానికి ఇంత లోపల, కృష్ణ ఉపనదుల పక్కన, రోము నాణేలు కుప్పగా ఉండేవన్నమాట. అవి మెడలోకి కూడా ఎక్కాయి. అవి దొరకని వాళ్ళు ఏం చేశారన్నదానికి సాక్ష్యం వాయవ్యాన సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ఉంది. 1940 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త గులాం యజ్దానీ తవ్వించినప్పుడు రోమన్ నాణెం అచ్చు గుద్దిన మట్టి బిళ్ళలు బయటపడ్డాయి. చక్రవర్తి తల అలాగే ఉంటుంది, పైన దారం పోయేందుకు రంధ్రం గానీ కొక్కెం గానీ ఉంటుంది. పచ్చి మట్టి మీద నాణేన్ని అద్ది, అంచు గిల్లి, పైన రంధ్రం పొడిచి కాల్చారు. మట్టి కూడా ఆరుతూ ముడుచుకుంటుంది కాబట్టి ఆ తల అసలు నాణెం మీది తల కంటే చిన్నది.

మట్టి బిళ్ళ అంగట్లో చెల్లదని చేసినవాడికీ తెలుసు, వేసుకున్నవాళ్ళకీ తెలుసు. దేవరకొండ అవ్వ మెడలోని పోత రాణికి ఇది రెండు వేల ఏళ్ళ ముందటి అక్క.

రాత్రి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఇడ్లీ బండి. నాలుగు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి 40 రూపాయలు.

19 ఫిబ్రవరి, బుధవారం. మహబూబ్‌నగర్

పాలమూరులో క్లాక్ టవర్ చుట్టూ ఉన్న గల్లీల్లో గిలిటు నగల దుకాణాలు, పూజా సామాన్ల దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. గిలిటు దుకాణంలో హాలీ సిక్కా నకళ్ళు డజన్ లెక్కన దొరికాయి, 12కు 180 రూపాయలు. వీటిని పట్టుకోవాలంటే చార్మినార్ నడిమి తోరణం చూడాలి. అసలు బిళ్ళ మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆ తోరణంలో ‘మీమ్’ అక్షరం, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం ఉంటాయి. నకలులో అక్కడ ఒక చుక్కో, ఒక గీతో, ఖాళీయో. ఉర్దూ రాని చెయ్యి చెక్కిన అచ్చుకు అది అక్షరమని తెలియదు. ఈ ఊరి పేరు ఏ మహబూబ్ వల్ల వచ్చిందో, ఆ మీమ్ ఆయనదే.

రాణి బొమ్మలో కూడా ఇలాంటి పొరపాటే పట్టిస్తుంది. 1876 దాకా రూపాయి మీద విక్టోరియా పేరు పక్కన రాణి అని ఉంటుంది, 1877 నుంచి చక్రవర్తిని అని. రాణి అన్న మాటతో 1901 సంవత్సరం ఉన్న బిళ్ళ కనిపిస్తే అది అలంకారానికి చేసిందే. ఇంగ్లీషు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే ఇక సందేహమే లేదు.

హాలీ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. నిజాం రాజ్యంలో 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిష్ రూపాయలు. ఆ లెక్కన 100 బ్రిటిష్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) హాలీ. నూటపదహార్లు చదివించే ఆచారం ఇక్కడినుంచే వచ్చిందని దుకాణంలోని పెద్దాయన చెప్పాడు. చాలామంది పెద్దలు అలాగే చెప్తారు.

పూజా సామాన్ల దుకాణంలో రామమాడలు. తానీషాకు రామలక్ష్మణులే వచ్చి రామమాడలు లెక్కపెట్టి ఇచ్చారన్న భద్రాచలం కథ తెలియని ఇల్లు లేదు. ఇప్పుడు దొరికేవి ఇత్తడివి, అరచేతిలో సగం, కొంచెం గిన్నెలా వంగి ఉంటాయి. ఒక పక్క పట్టాభిషేకం, రెండో పక్క విల్లులు పట్టిన రామలక్ష్మణులు, చుట్టూ నాగరి అక్షరాలు. చిన్నది 150, పెద్దది 400. దేవుడి పెట్టెలో పెట్టి పసుపు కుంకుమ పెడతారు. కొత్త ఇత్తడికి పాత రంగు రావడానికి రసాయనం పూస్తారు. గోటితో గుంటల్లో గీస్తే నల్లటి పొడి రాలుతుంది. నిజంగా చేతులు మారి అరిగిన బిళ్ళకు ఎత్తయిన చోట్లు నున్నగా, గుంటలు నల్లగా ఉంటాయి. రసాయనం పూసింది ఎత్తూ గుంటా అన్న తేడా లేకుండా ఒకే నలుపు. పూజకు ఏదైనా ఒకటే, పాతదని ఎక్కువ డబ్బు మాత్రం ఇవ్వకూడదు.

ఈ ప్రయాణంలో నిజమైన దొంగ బిళ్ళ ఒక్కచోటే కనిపించింది, చాయ్ బండి దగ్గర. రాగిది. ఒక పక్క రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు. రెండో పక్క ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా, 1818. పట్టుకొచ్చిన మనిషి గొంతు తగ్గించి, ఇది బియ్యాన్ని లాగుతుందని, విదేశాల్లో కోట్లు పలుకుతుందని, ముందు పరీక్ష ఖర్చు కింద 25,000 కావాలని చెప్పాడు. తెలంగాణ పల్లెల్లో రైస్ పుల్లింగ్ పేరుతో కుటుంబాలను ముంచుతున్నది ఈ బిళ్ళే.

కంపెనీ అర్ధణా రాగి బిళ్ళ 1835 నాటిది చూస్తే ఒక పక్క సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, రెండో పక్క ఆకుల దండ, బరువు 12.95 గ్రాములు. దాని మీద రాముడు లేడు. మద్రాసులో కంపెనీ కొట్టిన వరహాల మీద దేవుళ్ళు ఉన్న మాట నిజమే, దేవేరులతో ఉన్న వేంకటేశ్వరుడి మూడు స్వాముల వరహా అందులో ఒకటి. కానీ అది చిటికెన వేలి గోరంత బంగారు బిళ్ళ, 3.4 గ్రాములు. అరచేయంత రాగిది కాదు. ఇక బియ్యం. బియ్యపు గింజను లాగే లోహం లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ళ లోపల అయస్కాంతం పెట్టి చూపిస్తారు. మన ఇంటి బియ్యం మన చేత్తో తెచ్చి పోస్తే ఒక్క గింజా కదలదు. ఆ బండి దగ్గరే ఈ మాట గట్టిగా అన్నాం. ఆ మనిషి చాయ్ తాగకుండానే లేచి పోయాడు.

భోజనం జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పల్లి పొడి, ఉల్లిగడ్డ. 90 రూపాయలు, రొట్టెలు అడిగినన్ని.

20 ఫిబ్రవరి, గురువారం. నారాయణపేట

రాయచూరు రోడ్డు మీద మరికల్ దగ్గర కుడికి తిరగాలి. తిన్నగా పోతే మక్తల్. తిన్నగానే పోయి, చెరుకు రసం బండి దగ్గర అడిగి వెనక్కి తిరిగేసరికి గంట పోయింది. రసం 20 రూపాయలు.

నారాయణపేట చీరలకు ఎంత పేరో బంగారానికీ అంత పేరు. ఒకప్పుడు ఇక్కడా గద్వాలలోనూ సంస్థానాల కాలంలో టంకసాలలు నడిచాయి. ఇప్పుడు ఊర్లో కొట్టేది కాసుల పేరు కాసులు. కోస్తా వైపు బంగారాన్ని కాసుల్లో, సవర్లలో చెప్తారు. అక్కడ కాసు 8 గ్రాములు, ఇంగ్లీషు సావరిన్ నాణెం బరువు. ఇక్కడ తులం, రూపాయి బరువు. కాసుల పేరులోని కాసుకు మాత్రం ఈ రెండు బరువులతోనూ పని లేదు.

సందులో అవుసలాయన ఇల్లు. అరుగు మీద కుంపటి, మూస, పట్టకార్లు, దాగలి, గోడకు కమ్మచ్చు. చారిగారూ అని పిలిస్తే తలెత్తకుండానే పీట చూపించాడు. మాట్లాడింది తక్కువ, చేసి చూపించింది ఎక్కువ.

22 క్యారెట్ల బంగారాన్ని మూసలో వెలిగారం వేసి కరిగించి, గాడిలో పోసి, మిషన్ రోలర్ల మధ్య నాలుగైదు సార్లు నడిపి రేకు తీస్తాడు. మందం 0.15 మిల్లీమీటర్. ప్రతి రెండు సార్లకూ ఎర్రగా కాల్చి చల్లార్చాలి. కాల్చకపోతే లోహం బిగుసుకుపోయి అచ్చులో లక్ష్మి ముక్కు దగ్గర చీలుతుంది. ఆ రేకును కంచు అచ్చు మీద పరుస్తాడు. అచ్చులో లక్ష్మి లోపలికి, కుడి ఎడమలు మార్చి చెక్కి ఉంటుంది, చుట్టూ చుక్కల వలయం. రేకు మీద సీసపు బిళ్ళ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. సీసం మెత్తన కాబట్టి రేకును చింపకుండా గుంటల్లోకి నెడుతుంది. రెండో దెబ్బ కొట్టకూడదు. మొదటి దెబ్బకు రేకు వెంట్రుకవాసి జరుగుతుంది, రెండో దెబ్బతో లక్ష్మికి రెండు జతల కళ్ళు వస్తాయి. అలాంటి కాసు ఒకటి పగిలిన మూస పక్కన పడి ఉంది, మళ్ళీ కరిగించడానికి.

తర్వాతది అసలైన జాగ్రత్త. రేకు వెనక సీసం తునక ఆవగింజంత మిగిలినా, టాకా వేసేటప్పుడు వేడికి అది బంగారంలోకి దిగి రంధ్రం చేస్తుంది. అందుకే ప్రతి కాసునూ వెలుగుకు పెట్టి చూసి, వెనక వైపు గోరుతో, ఆపైన బ్రష్‌తో తుడిచాడు. కత్తెరతో చుక్కల వలయం బయట ఒక మిల్లీమీటర్ వదిలి కత్తిరించి, ఆకురాయితో నున్నగా చేశాడు. రింగుకు టాకా. టాకా కోసం బంగారంలో వెండి, రాగి ఎక్కువ కలిపిన ముక్క వాడతాడు, అది ముందుగా కరుగుతుంది. ఒకప్పుడు కాడ్మియం కలిపేవాళ్ళు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదని మానేశానన్నాడు. చివరికి చింతపండు నీళ్ళలో ఉడికించి, కుంకుడు రసంతో కడిగాడు. నల్లగా ఉన్నది పచ్చగా తేలింది.

14 మిల్లీమీటర్ల కాసు రింగుతో కలిపి అర గ్రాము. 108 కాసుల పేరు 54 గ్రాములు, అంటే ఇప్పటి లెక్కన ఐదున్నర తులాలకు కొంచెం తక్కువ. 2025 ఫిబ్రవరిలో తులం 80,000 దాటింది, ఆ లెక్కన ఇది చిన్న మాట కాదు. అందుకే అదే అచ్చులో వెండి రేకు కొట్టి బంగారు పూత పెట్టించుకునేవాళ్ళే ఎక్కువయ్యారు. కొనేవాళ్ళు తెలుసుకోవలసింది ఒకటుంది. 2 గ్రాముల లోపు వస్తువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. విడి కాసు మీద ముద్ర వెతికితే దొరకదు, మొత్తం పేరుకు ఉండాలి. కాసు లోపల డొల్ల, బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. కొందరు వెనక లక్క నింపిస్తారు. అలాంటి పేరును వేడి నీళ్ళలో ముంచకూడదు. రింగుల లోపలి అంచు దారాన్ని కోస్తూ ఉంటుంది, కాబట్టి మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ గుచ్చించుకోవాలి. పేరు తెగిపోయి కాసులు పోవడానికి దొంగలకంటే దారమే ఎక్కువ కారణం.

మేం లేచే వేళకు ఒక వదినె వచ్చింది, నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి పాత వెండి కాసుల పేరు తీసింది. అత్తగారిది. 40 కాసుల్లో ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది. చారిగారు మిగిలిన కాసు ఒకటి తీసి, తన దగ్గరి ఏడు అచ్చుల మీద వరసగా పెట్టి చూశాడు. ఆరో అచ్చులో సరిగ్గా కూర్చుంది, చుక్కలు చుక్కలకు కలిశాయి. ఆ అచ్చు వాళ్ళ తాతదట. వెండి రేకు పరిచి, సీసం పెట్టి, ఒక్క దెబ్బ కొట్టాడు. కొత్త కాసు తెల్లగా మెరుస్తుంటే వదినె మొహం చిన్నబోయింది.

“పాతయాటితోని కలుస్తలేదు గదన్నా.”

“రేపు పండుగకు తొడుగు. చెమటకు అదే కలుస్తది,” అని దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. కూలి 150, వెండికి 60.